ఓజోను వాయువును కనుగొన్న షోన్‌బైన్ పండితుని చరిత్రము

లోకమున కొందఱు రాజ్యములను జయించి కీర్తి గాంచిరి; కొందఱు సముద్రములు దాటి క్రొత్త భూములను కనుగొని పేరొందిరి. మేమిచ్చట వ్రాయబూనిన పండితుడు ఒక వాసనను వెంబడించి కీర్తి గాంచెను. ఆ వాసనను అతనికి ముందే పలువురు ఎఱుగుదురు. కాని అది యేమని విడువక విచారించి, దానిని కొలుచుటకు ఉపాయము చెప్పినవాడు ఇతడే. వెలికొండల గాలి పీల్చుచు పెరుగు మన కలువాయి ప్రాంతపు బాలబాలికలు ఈతని చరిత్రమును తెలిసికొనుట మేలని తలచి దీనిని వ్రాయుచున్నాము.

క్రిస్టియన్ ఫ్రెడరిక్ షోన్‌బైన్ 1799వ సంవత్సరము అక్టోబరు 18వ తేదీన జర్మను దేశమందలి వ్యుర్టెంబర్గు సీమలో మెట్జింగెన్ అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి బట్టలకు రంగులు వేయు వృత్తివాడు. అధిక ధనము లేని కుటుంబమగుటచే బాలుడు పదుమూడు పదునాలుగేండ్ల ప్రాయముననే బడి విడిచి, బోబ్లింగెన్ పట్టణములో మందులును రసాయన ద్రవ్యములును చేయు కర్మాగారమున పని నేర్చుకొనుటకు చేరవలసి వచ్చెను. అచ్చట ఏడేండ్లు పనిచేసెను. బడి విడిచెనే గాని చదువు విడువలేదు. తీరిక దొరికినపుడెల్ల భాషలను, గణితమును, రసాయన శాస్త్రమును తనంతట తానే నేర్చుకొనుచుండెను. పిమ్మట వేఱొక కర్మాగారమున పనిచేసి, ట్యూబింగెన్, ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయములలో కొంతకాలము చదివెను.

తరువాత అతడు ఉపాధ్యాయుడయ్యెను. శిశువిద్యకు మార్గదర్శియగు ఫ్రోబెల్ స్థాపించిన కైల్హావు పాఠశాలలో 1823వ సంవత్సరమున పిల్లలకు రసాయన, భౌతిక శాస్త్రములు బోధించెను. పిదప ఇంగ్లండు దేశమునకు బోయి ఎప్సమ్ అనుచోట ఒక పాఠశాలలో బోధించెను. పారిసు నగరమునకు వెళ్లి గొప్ప పండితుల ఉపన్యాసములను వినెను. 1828వ సంవత్సరమున స్విట్జర్లండు దేశములోని బాసెల్ విశ్వవిద్యాలయమున ఒక ఆచార్యుడు జబ్బుపడగా అతనికి మాఱుగా పాఠములు చెప్పుటకు షోన్‌బైన్‌ను పిలిచిరి. కొలది కాలమునకని వచ్చినవాడు బ్రదుకంతయు అచ్చటనే గడపెను. 1835లో అతనికి ఆచార్య పదవి లభించెను.

ఇక వాసన కథను చెప్పెదము. పిడుగు పడినచోట ఘాటైన వాసన కలుగునని పూర్వకాలమునుండియు జనులెఱుగుదురు. 1785వ సంవత్సరమున హాలండు దేశస్థుడగు వాన్ మారుమ్ అను శాస్త్రజ్ఞుడు విద్యుద్యంత్రమును త్రిప్పుచుండగా అట్టి వాసనయే కలుగుటను గమనించి, అది విద్యుత్తుయొక్క వాసన యని తలచి యూరకుండెను. షోన్‌బైన్ నీటిలోనికి విద్యుత్తును పంపి దానిని ఉదజనిగను, ఆమ్లజని యనబడు ప్రాణవాయువుగను విడదీయుచుండగా, ఆమ్లజని వెలువడు వైపుననే ఆ వాసన కలుగుట కనిపెట్టెను. ఆ వాయువును సీసాలో పట్టి బిరడా బిగించి యుంచగా వాసన చాలకాలము నిలిచెను. విద్యుత్తు వాసనయే యైనచో విద్యుత్తు ఆగిన పిదప సీసాలో నిలుచునా? కావున ఇది యొక పదార్థమని అతడు నిశ్చయించెను. 1839వ సంవత్సరము మార్చి 13వ తేదీన ఈ సంగతిని బాసెల్ నగరపు విజ్ఞాన సంఘమునకు తెలిపెను. మఱుసటి యేడు దానికి ఓజోను అని నామకరణము చేసెను. వాసన వేయుట యను అర్థముగల గ్రీకు పదమునుండి ఆ పేరు పుట్టినది.

షోన్‌బైన్ అంతటితో తృప్తినొందలేదు. ఓజోను బయలుగాలిలో నుండునా, ఉన్నచో ఎంత యుండునని తెలిసికొనగోరెను. అందులకై అతడు చేసిన సాధనము గంజిపూసిన కాగితము! గంజిలో పొటాషియం అయొడైడు అను లవణమును కలిపి కాగితపు ముక్కలకు పూసి ఆరబెట్టెను. ఓజోను తగిలినచో ఆ లవణమునుండి అయొడిన్ విడివడును. విడివడిన అయొడిన్ గంజితో కలిసి నీలివర్ణము పుట్టించును. ఆ కాగితమును ఎండయు వానయు తగులకుండ గాలియాడుచోట కొన్ని గంటలు వ్రేలాడదీసి, పిమ్మట నీటితో తడిపి, వచ్చిన రంగును ఒక వర్ణపట్టికతో పోల్చి చూచెదరు. రంగు మాఱనిచో సున్న. మిక్కిలి గాఢమైనచో 10. ఇంత చవుకయైన సాధనమగుటచే ఐరోపా, అమెరికా ఖండములలో ఎందఱో వైద్యులును, వాతావరణ పరిశీలకులును ఈ కాగితములను ప్రతిదినము కట్టి లెక్కలు వ్రాసికొనిరి. కంటికి కానరాని దానికి ఒక అంకె యేర్పడెను.

ఆ దినములలో ఓజోను గాలిని శుద్ధిచేసి రోగములను పోగొట్టునని జనులు గట్టిగా నమ్మిరి. సముద్రతీరములును దేవదారు వనములును ఓజోనుచే ఆరోగ్యకరములని పొగడబడుచుండెను. అయితే షోన్‌బైన్ తాను కనుగొన్నదానిని పొగడుటతో ఆగక, దాని కీడును గూడ పరీక్షించెను. ఓజోనును పీల్చి ఛాతినొప్పి ననుభవించెను. ఎలుకలు దానివలన చచ్చుటను చూచెను. తన పేరునకు వన్నె తెచ్చిన వస్తువునందలి దోషమును తానే లోకమునకు చెప్పుట సామాన్యమైన సంగతి కాదు.

అతనియందు లోపములు లేకపోలేదు. ఓజోనుకు విరుద్ధమగు మఱియొక విధమైన ఆమ్లజని యున్నదని అతడు తలచెను, అది నిలువలేదు. ఓజోను అనగా మూడు పరమాణువులు కలిసిన ఆమ్లజనియే యని 1865లో జెనీవా నగరవాసియగు సోరే అను శాస్త్రజ్ఞుడు చూపెను. షోన్‌బైన్ కాగితము సైతము గాలిలోని తేమనుబట్టి హెచ్చుతగ్గులు చూపుచుండెను; వేఱు వాయువులకును నీలమగుచుండెను. 1846లో అతడు ప్రకటించిన ప్రత్తిమందు తుపాకిమందుకంటె బలమైనదై, ఫిరంగులకును గనులకును పనికి వచ్చి, ఆతని పేరును మఱింత వ్యాపింపజేసెను. ఇంగ్లండులోని మైకేల్ ఫారడేతో అతనికి చిరకాల స్నేహము. వారి యుత్తరములు తరువాత గ్రంథముగా వెలువడెను. 1868వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన బాడెన్‌బాడెన్ సమీపమున ఆయన పరమపదించెను.

ఆయన నాటిన విత్తనము ఆయనతో నశింపలేదు. పారిసులోని మోంసూరి పరిశోధనాలయమున 1876వ సంవత్సరము మొదలు 30 ఏండ్లకు పైగా, కాగితముకంటె నమ్మదగిన రసాయన పద్ధతిచే ఓజోనును కొలిచిరి. 1988లో జర్మను శాస్త్రజ్ఞులు ఆ పాత లెక్కలను మరల పరీక్షించి, ఆనాటి గాలిలో నూఱు కోట్ల పాళ్లకు ఓజోను ఇంచుమించు 10 పాళ్లే యుండెనని తేల్చిరి. ఇటీవల ఐరోపా గ్రామసీమలలో అది 30, 40 పాళ్లు. మోటారుబండ్లును కర్మాగారములును పెరిగినకొలది ఓజోనును పెరిగినది. ఆకాశమున మిక్కిలి ఎత్తున నున్న ఓజోను సూర్యుని తీక్ష్ణకిరణములనుండి మనలను కాపాడును. నేలపై నున్న ఓజోను ఊపిరితిత్తులకును పైరులకును హాని చేయును. ఒకే వస్తువు ఉండవలసినచోట రక్షకము, ఉండరానిచోట భక్షకము.

చెట్లకు దీనితో నేమి సంబంధమని విద్యార్థులు అడుగవచ్చును. కర్పూరతైలమును గాలికిని వెలుగునకును విడిచినచో అది ఇతర పదార్థములను ఆమ్లజనితో కలుపు శక్తి పొందునని షోన్‌బైన్ చూచెను. ఈ తైలము దేవదారు జాతి చెట్ల జిగురునుండి పుట్టును. ఇట్టివానినిబట్టి చెట్లే ఓజోనును పుట్టించునని ఆ కాలమువారు కొందఱు తలచిరి. నేడు మనకు తెలిసినది వేఱు. చెట్లు ఓజోనును విడువవు. ఐసోప్రీను, టెర్పీనులు అను ఆవిరులను విడుచును. నిమ్మాకును నలిపినపుడును, జామాయిల్ తోట ప్రక్కన నడచునపుడును మనకు తగులు సువాసన ఇట్టి ఆవిరులదే. భూమిమీది వృక్షములు ఏటేట విడుచు ఐసోప్రీను ఒక్కటియే ఇంచుమించు 50 కోట్ల టన్నులని అంచనా. బండ్ల పొగలోని నత్రజని వాయువులు ఈ ఆవిరులతో ఎండలో కలిసినపుడు ఓజోను పుట్టును. పొగలేని స్వచ్ఛమైన యడవిలో ఆ యావిరులే కొంత ఓజోనును హరించును. కావున దోషము చెట్టుది కాదు, పొగది.

ఈ ఆవిరులను కొలుచుటకు ఒక కొమ్మను పారదర్శకమైన సంచిలో మూసి, అందలి గాలిని సన్నని గొట్టములోనికి పీల్చి, యంత్రముచే వేఱుపఱచి చూతురు. ఓజోనును కొలుచుటకు గాలిగుండ అతినీలలోహిత కిరణమును పంపి, ఎంత కిరణము మ్రింగబడెనో లెక్కింతురు. ఈ పని మనకు దూరదేశములకే చెందినది కాదు. మనకు దక్షిణముగా, తిరుపతికి సమీపమున నున్న గాదంకి యను పల్లెలో 1993వ సంవత్సరము మొదలు కొన్ని యేండ్లు నేలపైని ఓజోనును కొలిచిరి. అచ్చట నేడు జాతీయ వాతావరణ పరిశోధనాలయము కలదు. అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము వారును ఇట్టి కొలతలు చేసిరి. ఎండ ముదిరినకొలది ఓజోను హెచ్చి, మధ్యాహ్నము మించిన పిదప తగ్గి, రాత్రి మిక్కిలి తక్కువగుట ఇట్టి పల్లెలలో సామాన్యముగా కానవచ్చును.

తలిదండ్రులారా, వానలు తప్పిన యేట పిల్లవానిని బడి మాన్పించి పనికి పంపుటకు మన మెట్టలలో ఎన్ని యిండ్లలో ఆలోచన పుట్టుచున్నదో మేమెఱుగుదుము. షోన్‌బైన్ బడి విడిచియు పైకి వచ్చెను గదా యని దానిని సమర్థింపరాదు. అతనివంటి బుద్ధియుండియు పనిలోనే అణగిపోయినవారి పేరులు చరిత్రములో లేవు. పిల్లవాడు బడిలో నిలుచుటకు చేతనైనంత చేయుడు. నిలువలేనిచో చదువునైనను విడువనీయకుడు.

బాలబాలికలారా, ప్రభువు మనకు ఊపిరిని వెల లేక యిచ్చెను. వెల లేనిదని దానిని గమనింపకుండుట కృతజ్ఞత కాదు. షోన్‌బైన్ కాగితమును మీ ఉపాధ్యాయుల సాయమున చేసి, బడి వసారాలో ఒకటియు, బండ్లు పోవు బాట ప్రక్కన ఒకటియు, నిమ్మతోటలో ఒకటియు కట్టి చూడుడు. రంగు చూచి వెంటనే తీర్పు చెప్పక, ఆనాటి తేమయు, గాలియు, వేళయు ప్రక్కన వ్రాసికొనుడు. ఒక్కనాటి కొలతకంటె ఏడాది కొలత మేలు. తెలియనిదానిని తెలిసినట్లు పలుకకుండుటయు, తెలిసినదానిని మనకు ప్రియము కాకున్నను దాచకుండుటయు సత్యమును సేవించువారి లక్షణము. షోన్‌బైన్ పండితుడు మనకు విడిచిపోయిన ధనము అదియే.