కందకాలలో నవ్వులు పూయించిన చిత్రకారుడు

యుద్ధరంగం వీర, భయానక, బీభత్స రసాలకే నెలవని, అక్కడ హాస్యానికి తావు లేదని లోకం భావిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆ భావనను తన గీతలతో తారుమారు చేసిన చిత్రకారుడు బ్రూస్ బెయిర్న్స్‌ఫాదర్.

ఆయన 1887లో నాటి భారతదేశంలోని మర్రీ పట్టణంలో ఒక సైనికాధికారి ఇంట జన్మించాడు. ఆ పట్టణం నేడు పాకిస్తాన్‌లో ఉంది. ఆయన విద్యాభ్యాసం ఇంగ్లండులో సాగింది. యౌవనంలో కొంతకాలం సైన్యంలో పనిచేసి, చిత్రకళపై మక్కువతో ఆ కొలువు విడిచిపెట్టాడు. చిత్రలేఖనం జీవనాధారం కాకపోవడంతో విద్యుత్ ఇంజనీరుగా పనిచేశాడు.

1914లో యుద్ధం ఆరంభం కాగానే ఆయన మరల సైన్యంలో చేరి బెల్జియంలోని కందకాలకు చేరాడు. మోకాలిలోతు బురద, ఎముకలు కొరికే చలి, తలపై ఫిరంగి గుండ్లు అక్కడి నిత్యజీవితం. ఆ ఏటి క్రిస్మస్ నాడు ఇరుపక్షాల సైనికులు కాల్పులు మాని కలుసుకొన్నప్పుడు, ఆయన ఒక జర్మన్ అధికారితో కోటు గుండీలు మార్చుకొన్నాడు. విరామ వేళల్లో శిథిలగృహాల గోడలపై బొమ్మలు గీసి తోటివారిని నవ్వించేవాడు.

1915లో ఆయన చిత్రాలు లండన్‌లోని 'బైస్టాండర్' పత్రికలో వెలువడసాగాయి. ఆ ఏడే ఈప్ర్ యుద్ధంలో గుండు సమీపాన పేలి ఆయన వినికిడి దెబ్బతిన్నది. అయినా ఆయన కలం ఆగలేదు. గుబురు మీసాలతో, సణుగుడు స్వభావంతో 'ఓల్డ్ బిల్' అనే ముదురు సైనికుని పాత్రను సృష్టించాడు. చుట్టూ గుండ్లు కురుస్తుండగా గోతిలో నక్కి, పక్కనున్నవానిని కసురుకొనే ఆ సైనికునిలో లక్షలాదిమంది తమను తాము చూసుకొన్నారు.

ఇవి వీరులను కించపరచే మోటు చిత్రాలని కొందరు పెద్దలు ఆక్షేపించారు. సైనికులు మాత్రం వాటిని కత్తిరించి కందకాలలో అతికించుకొన్నారు. చివరకు యుద్ధశాఖయే ఆయనను చిత్రకారునిగా నియమించి, మిత్రదేశాల సేనల కోసం కూడా చిత్రాలు గీయించింది.

యుద్ధానంతరం ఆయన 1919లో 'ఫ్రాగ్మెంట్స్' పత్రికను స్థాపించాడు. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైనికుల పత్రిక 'స్టార్స్ అండ్ స్ట్రైప్స్'కు చిత్రాలు అందించాడు. 1959లో కన్నుమూశాడు.

దూరాన నిలిచి నవ్వితే అది పరిహాసం. కష్టాన్ని పంచుకొని నవ్విస్తే అది ఓదార్పు. బెయిర్న్స్‌ఫాదర్ హాస్యం రెండవ కోవకు చెందినది. అందుకే మృత్యుముఖంలో ఉన్నవారు సైతం దానిని తమదిగా స్వీకరించారు.