గురువు ఋణం తీర్చుకున్న విద్యార్థి: రఘుపతి వెంకటరత్నం నాయుడు



మన సవర, జాతాపు పిల్లల్లో కొందరు ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలల్లో చదివారు. కొందరు మిషన్ బడుల్లో, వాళ్ల హాస్టళ్లలో చదివారు. టెక్కలి, సోంపేట వైపు కెనడా బాప్టిస్టు మిషన్ వారు వచ్చి చాలా కాలమైంది. అయితే పెద్దయ్యాక ఆ బడి పేరు చెప్పుకోవడానికి మనలో కొందరు మొహమాటపడుతున్నారు. చెబితే మతం మారావా అని ఒకరు అడుగుతారు, చెప్పకపోతే మేలు మరిచావని ఇంకొకరు అంటారు. ఈ మాటల మీదే ఒక్కోచోట గూడెం రెండుగా చీలిపోతోంది. అందుకే ఈ సంచికలో వెంకటరత్నం నాయుడు గారి జీవితం చెప్పాలనిపించింది.

ఆయన 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో పుట్టారు. తండ్రి సైన్యంలో సుబేదారు. తండ్రి ఉద్యోగం వల్ల బాల్యం చాందాలో, తర్వాత హైదరాబాదులో గడిచింది. పై చదువుకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. అది స్కాట్లండు మిషన్ వారిది. అక్కడి ప్రిన్సిపాల్ విలియం మిల్లర్. నాయుడు గారు పుట్టిన ఏడాదే, 1862లోనే, ఆయన మద్రాసులో అడుగుపెట్టారు.

మిల్లర్ పాఠం చెప్పి వెళ్లిపోయే మనిషి కాదు. దూరం నుంచి వచ్చిన పిల్లలు పట్నంలో దిక్కులేక తిరగకూడదని కాలేజీకి హాస్టళ్లు కట్టించారు. పిల్లల మతం మార్చడం కంటే వాళ్ల మనసులో మంచి విలువలు నాటడమే కాలేజీ పని అని నమ్మారు. ఆ గురువు ప్రభావం నాయుడు గారి మీద జీవితాంతం ఉంది.

నాయుడు గారు బైబిలును గౌరవించారు, గురువును పూజించారు. కానీ క్రైస్తవుడు కాలేదు. బ్రహ్మసమాజంలో చేరి, దేవుడు ఒక్కడే, మనుషులంతా ఒక్కటే అన్న దారిలో నడిచారు. మిల్లర్ గారి మీద భక్తి దానివల్ల తగ్గలేదు. కృతజ్ఞత వేరు, విశ్వాసం వేరు అని ఆయన జీవితమే చూపిస్తుంది.

యౌవనంలోనే భార్య పోయింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తెల్లని బట్టలు కట్టి, సాదాగా బతికారు. మచిలీపట్నం నోబుల్ కాలేజీలో చెప్పారు. అదీ మిషన్ కాలేజీయే. పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు అక్కడ ఆయన శిష్యులు. తర్వాత సికిందరాబాదు మహబూబ్ కాలేజీకి, 1904లో కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. దేవదాసీ ఆచారం పోవాలని ఊరూరా పోరాడారు. వితంతు వివాహాలకు అండగా నిలిచారు. కాలేజీలో ఆడపిల్లలకూ చోటు ఇచ్చారు.

వార్డెన్‌గా నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది ఇంకొకటి ఉంది. అంటరానివారని ఊరు దూరం పెట్టిన పిల్లలకు, అనాథలకు కాకినాడలో ఆశ్రయం దొరికేలా పిఠాపురం మహారాజా సూర్యారావు గారి చేత పూనిక చేయించారు. మహారాజా ఆయన్ను గురువుగా భావించేవారు. తన జీతంలోనూ ఎక్కువ భాగం పేద విద్యార్థులకే పెట్టారు. మిల్లర్ తమకు చేసినదాన్ని తాను ఇంకా కింద ఉన్న పిల్లలకు చేశారు. గురువు ఋణం ఆయన తీర్చుకున్నది ఇలా.

మిల్లర్ 1901 నుంచి 1904 వరకు మద్రాసు విశ్వవిద్యాలయం ఉపకులపతి. 1925లో అదే కుర్చీలో శిష్యుడు కూర్చున్నారు, 1928 దాకా ఉన్నారు. అది చూడడానికి గురువు లేరు, 1923లోనే కన్నుమూశారు. నాయుడు గారు 1939 మే 26న పోయారు. ఆంధ్రదేశం ఆయన్ను బ్రహ్మర్షి అంది.

ఇప్పుడు మన సంగతి. ఏటా వేసవి సెలవుల తర్వాత నా హాస్టల్లో ఒకరిద్దరు పిల్లలు తిరిగి రారు. ఆరా తీస్తే జీడితోటలోనో, పలాసలో పప్పు ఒలిచే పనిలోనో ఉంటారు. మందస కొండల మీది ఇంటికి వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడితే కొందరు వస్తారు, కొందరు రారు. నేను వార్డెన్‌గా చెప్పిన మాట కంటే, అదే గూడెంలో చదువుకుని ఉద్యోగం చేస్తున్న అక్క చెప్పిన మాట వాళ్లకు బాగా ఎక్కుతుంది. ఆ అక్క మీలో ఎవరైనా కావచ్చు.

మీరు ఏ బడిలో చదివారో ధైర్యంగా చెప్పండి. అది మిషన్ బడి అయినా, ప్రభుత్వ హాస్టల్ అయినా అన్నం పెట్టి అక్షరం నేర్పింది. దండం పెట్టే చోటు మీ ఇష్టం. మీ బాస, మీ పండగ, మీ గూడెం మీవే. కానీ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు బడి మానేసిన ఒక్క పిల్లను వెతికి పట్టుకోండి. మళ్లీ హాస్టల్ గుమ్మం దాకా తీసుకురండి. తలుపు తీయడానికి నేనున్నాను.