మూత తీయకుండా లోపలి సంగతి తెలుసుకున్న మైకేల్ ఫారడే

ఈ నెల గోడ పత్రికలో శాస్త్రవేత్త జీవితం రాసే వంతు నాది. నేను మైకేల్ ఫారడేను ఎంచుకున్నాను. ఆయన పేరు వినగానే మీకు మోటారు, డైనమో గుర్తొస్తాయి. అవి పాఠంలో ఉన్నాయి, పరీక్షకు ఎలాగూ చదవాలి. నేను రాసేది ఇంకో సంగతి.

ముందు నా మచ్చ గురించి చెప్పాలి. నా ఎడమ కనుబొమ మీద మచ్చ ఎలా వచ్చిందని చాలామంది అడిగారు. ఎలుగుబంటి అన్నాను, చెట్టు మీంచి పడ్డాను అన్నాను. అవన్నీ అబద్ధాలు. ఆరో తరగతి సంక్రాంతి సెలవుల్లో మా ఊళ్లో చలిమంట దగ్గర కూర్చున్నాం. పచ్చి వెదురు కణుపు మంటలో పడితే ఢామ్మని పేలుతుంది కదా. అది చూసి నేను ఒక రేకు డబ్బాలో కాసిని నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి నిప్పుల్లో పెట్టాను. ఎంతసేపటికీ ఏమీ కాలేదు. లోపల ఏమైందో చూద్దామని వంగాను. అంతే! రేకు ముక్క కంటికి వేలెడు పైన కోసుకుపోయింది. వేలెడు కిందికి తగిలి ఉంటే ఒక కన్ను పోయేది. ఎవరూ ఇలాంటి పని చేయకండి.

ఈ సంగతి మన సైన్సు సారుకు ఒక్కరికే చెప్పాను. ఆయన ముందు తిట్టారు. తర్వాత, మూసిన పాత్ర లోపల ఎంత ఒత్తిడి ఉందో బయటి నుంచి తెలియకపోవడం వల్ల ఇంతకన్నా గొప్పవాళ్లకే దెబ్బలు తగిలాయని చెప్పి, బీరువాలోంచి ఫారడే పుస్తకం తీసి ఇచ్చారు.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న ఇంగ్లాండులో, లండన్ పక్కన ఉన్న న్యూయింగ్టన్‌లో జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఉత్తరాన కొండల్లోని పల్లె నుంచి పని వెతుక్కుంటూ లండన్ వచ్చినవాడు. ఆయనకు ఒంట్లో బాగుండేది కాదు, కొలిమి దగ్గర రోజంతా నిలబడలేకపోయేవాడు. 1801లో తిండి ధరలు బాగా పెరిగినప్పుడు మైకేల్‌కు వారానికి ఒకే ఒక్క రొట్టె ఇచ్చేవారట. వారం అంతా దాంతోనే సర్దుకోవాలి. చదువంటే చదవడం, రాయడం, కాస్త లెక్కలు, అంతవరకే.

13 ఏళ్లకు జార్జి రీబో అనే ఆయన పుస్తకాల షాపులో పనికి కుదిరాడు. మొదట ఇంటింటికీ పేపర్లు వేసేవాడు. మరుసటి ఏడు అదే షాపులో పుస్తకాల బైండింగ్ నేర్చుకోవడానికి ఏడేళ్లు ఒప్పందం రాసుకున్నాడు. అట్ట వేయడానికి వచ్చిన పుస్తకాలు పగలు కుట్టడం, పని అయ్యాక వాటినే చదవడం. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించిన భాగం, జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన రసాయనశాస్త్ర పుస్తకం ఇలాగే చదివాడు. ఇక్కడ నాకు ఒకటి అనిపించింది. మన లైబ్రరీలో అట్టలు ఊడిన పుస్తకాలు చాలా ఉన్నాయి. అట్ట వేసే పని మనకే అప్పగిస్తే బాగుండు. (వార్డెన్ సారు గమనించాలి.)

1812లో షాపుకు వచ్చే ఒక పెద్దమనిషి ఆయనకు టిక్కెట్లు ఇచ్చాడు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే సంస్థలో హంఫ్రీ డేవీ ఇచ్చే ఉపన్యాసాలకు. డేవీ అప్పటికి చాలా పేరున్న రసాయన శాస్త్రవేత్త. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, అన్నీ రాసుకుని, బొమ్మలు వేసి, తన చేత్తోనే బైండు చేసి ఆ పుస్తకాన్ని డేవీకి పంపాడు. ఆ రోజుల్లోనే ఒక పదార్థం పేలి డేవీ కళ్లకు దెబ్బ తగిలింది. కొన్ని రోజులు ఆయనకు రాసిపెట్టే పని ఫారడే చేశాడు. 1813 మార్చి 1న అక్కడే ప్రయోగశాల సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది. వారానికి 25 షిల్లింగుల జీతం, మేడ పైన రెండు గదులు.

అదే ఏడు అక్టోబరులో డేవీ దంపతులతో యూరప్ యాత్రకు వెళ్లాడు. ఏడాదిన్నర. గొప్ప గొప్ప శాస్త్రవేత్తలను చూశాడు. కానీ డేవీ భార్య ఆయన్ని నౌకరులాగా చూసింది, భోజనం కూడా పనివాళ్లతోనే. తిరిగి వెళ్లిపోదామని కూడా అనుకున్నాడు, వెళ్లలేదు. వేరేగా కూర్చోబెట్టి పెట్టిన అన్నం ఎలా దిగుతుందో మనలో కొంతమందికి తెలుసు. అందుకని ఈ భాగం నేను రెండుసార్లు చదివాను.

ఇక అసలు సంగతి. 1823లో ఫారడే క్లోరిన్ మీద పనిచేస్తున్నాడు. చలికాలంలో క్లోరిన్ నీళ్లతో కలిసి స్ఫటికాలు కడుతుంది. వాటిని గాజు గొట్టంలో వేసి, రెండు కొనలూ కరిగించి మూసేసి వేడిచేసి చూడమని డేవీ చెప్పాడు. అలా చేస్తే లోపల పసుపు రంగు నూనెలాంటి చుక్కలు కనిపించాయి. ఆ పూట చూడటానికి వచ్చిన పారిస్ అనే డాక్టరు, గొట్టం సరిగ్గా కడగలేదని ఎగతాళి చేశాడు. ఫారడే గొట్టం కొనను ఆకురాయితో రుద్దగానే అది ఫట్‌మని పగిలింది, నూనె మాయమైంది! మర్నాడు పొద్దున్నే డాక్టరుకు ఆయన నుంచి చీటీ వెళ్లింది. ఆ నూనె మరేదో కాదు, ద్రవంగా మారిన క్లోరిన్ అని.

అంటే ఏం జరిగిందంటే, మూసిన గొట్టంలో వాయువు పుట్టి పుట్టి, పోయే దారి లేక, తన ఒత్తిడికి తానే నలిగి ద్రవం అయిపోయిందన్నమాట. తర్వాత ఇదే పద్ధతిలో ఇంకా చాలా వాయువులను ద్రవాలుగా మార్చాడు. గొట్టాన్ని వంచి, ఒక కొనను వేడిచేసి, రెండో కొనను మంచులో పెట్టేవాడు.

కానీ లోపల ఒత్తిడి ఎంత ఉందో గాజు చెప్పదు కదా. 1823 మార్చిలో ఒక గొట్టం పేలిపోయింది. గాజు పెంకులు తుపాకీ గుళ్లలాగా కిటికీ అద్దంలోంచి దూసుకుపోయాయి. ఫారడే కళ్ల నిండా గాజు. అంతకు ముందు కూడా ఒకసారి పేలి కళ్లకు తగిలింది. ఇది చదివినప్పుడు నా చెయ్యి నా కనుబొమ మీదికి దానంతట అదే పోయింది. కొన్ని రోజుల్లో ఆయనకు కళ్లు బాగయ్యాయి, మళ్లీ గొట్టాల దగ్గరికే వెళ్లాడు.

అయితే ఊరికే వెళ్లలేదు. గొట్టం లోపల ఒక చిన్న కొలత సాధనం పెట్టాడు. సన్నని గాజు నాళిక, ఒక కొన మూసి ఉంటుంది. లోపల కాస్త గాలి. ఆ గాలికి మూతలాగా ఒక పాదరసం చుక్క. పెద్ద గొట్టంలో ఒత్తిడి పెరిగితే చుక్క లోపలికి జరుగుతుంది. గాలి సగం చోటులోకి కుదించుకుంటే ఒత్తిడి రెండింతలైనట్టు, పావు చోటులోకి పోతే నాలుగింతలైనట్టు. మనం చదివిన బాయిల్ నియమమే ఇది. బయటి నుంచి గాజులోంచి చూసి చుక్క ఎక్కడుందో లెక్కపెట్టుకోవడమే. ఇలా కొలిచి, సల్ఫర్ డయాక్సైడ్ ద్రవం కావడానికి 7 డిగ్రుల దగ్గర మామూలు గాలి ఒత్తిడికి 2 రెట్లు, అమోనియాకు 10 డిగ్రుల దగ్గర ఆరున్నర రెట్లు, కార్బన్ డయాక్సైడ్‌కు 0 డిగ్రుల దగ్గర 36 రెట్లు కావాలని రాశాడు. ఇప్పటి లెక్కలో ఆ చివరిది సుమారు 34. వెంట్రుకంత నాళికతో 200 ఏళ్ల కిందట కొలిచిన లెక్క అది!

ఇందులో ఒక విశేషం ఉంది. లోపల ద్రవం కొంచెమున్నా ఎక్కువున్నా, వేడి మారనంతవరకు ఒత్తిడి మారదు. మన వంట అక్క గ్యాస్ సిలిండర్‌ను ఊపి చూసి ఎంత మిగిలిందో చెబుతుంది, ఒక్కోసారి తప్పుతుంది. ఒత్తిడి మీటరు పెడితే సరిపోతుందిగా అనుకున్నాను. సరిపోదు. సిలిండర్లో కూడా ద్రవమే ఉంటుంది కాబట్టి, అది అయిపోవచ్చే దాకా ఒత్తిడి దాదాపు ఒకేలా ఉంటుంది. తూకం వేయడమే దారి. ఖాళీ బరువు సిలిండర్ మీదే రాసి ఉంటుంది. బియ్యం తూచే కాటా మనకు ఎలాగూ ఉంది.

క్లోరిన్ పనిలో ఘనత ఎవరిదని డేవీకి, ఫారడేకు మధ్య కొంచెం చెడింది. ఫారడేను రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నుకునేటప్పుడు, ఆ సొసైటీ అధ్యక్షుడుగా ఉన్న డేవీయే వ్యతిరేకించాడు. అయినా 1824 జనవరిలో ఫారడే ఎన్నికయ్యాడు. వ్యతిరేకంగా పడింది ఒకే ఒక్క ఓటు. పైకి తెచ్చినవాడే అడ్డుపడటం నాకు అర్థం కాలేదు. ఫారడే మాత్రం డేవీ మీద గౌరవం వదులుకోలేదు.

1825లో బెంజీన్ కనిపెట్టాడు. 1831 ఆగస్టు 29న ఇనుప వలయం మీద రెండు తీగచుట్టలు చుట్టి విద్యుత్ ప్రేరణ కనిపెట్టాడు. ఇది పాఠంలో ఉంది, వదిలేస్తున్నా. 1840 ప్రాంతంలో తల తిరగడం, మతిమరుపు ఎక్కువై కొన్నేళ్లు సరిగ్గా పని చేయలేకపోయాడు. మళ్లీ లేచాడు. ఓడ లంగరు గొలుసులోని ఒక పెద్ద లింకులో సగం తీసుకుని, దానికి తీగ చుట్టించి గొప్ప విద్యుదయస్కాంతం చేయించాడు. కమ్మరి కొడుకు కదా! 1845లో దాంతో, ఇనుమే కాదు, ప్రతి పదార్థమూ అయస్కాంతానికి ఎంతో కొంత స్పందిస్తుందని చూపించాడు.

మరి గాలి సంగతి? 1847లో ఇటలీలో బాంకలారి అనే ఆయన, దీపం మంటను అయస్కాంతం పక్కకు నెడుతుందని కనిపెట్టాడు. అది తెలిసి ఫారడే వాయువుల మీద పడ్డాడు. సబ్బు బుడగల్లో ఆక్సిజన్ నింపి అయస్కాంతం దగ్గర పెడితే బుడగలు దాని వైపు లాగబడ్డాయి. అప్పుడు, 1850లో, ఈ వ్యాసం రాయడానికి కారణమైన ప్రయోగం చేశాడు.

చిన్న గాజు బుడ్లు తీసుకున్నాడు. ఒకదాంట్లో ఆక్సిజన్ మామూలు గాలి ఒత్తిడితో, ఇంకోదాంట్లో అందులో సగం, మరోదాంట్లో మూడో వంతు, చివరిదాంట్లోంచి పంపుతో లాగగలిగినంతా లాగేశాడు. అన్నీ కరిగించి మూసేశాడు. చూస్తే నాలుగూ ఒకేలా ఉంటాయి, ఏది నిండుదో ఏది ఖాళీదో కన్ను చెప్పలేదు. వాటిని రెండేసి చొప్పున త్రాసులాగా వేలాడదీసి, అయస్కాంతానికి ఇటొకటి అటొకటి ఉండేట్టు పెట్టాడు. ఆక్సిజన్ ఎక్కువున్న బుడ్డి అయస్కాంతం దగ్గరికి జరిగి, తక్కువున్నదాన్ని దూరం నెట్టింది. ప్రతి జతలోనూ అంతే. నైట్రోజన్ నింపి చేస్తే ఈ తేడా రాలేదు.

ఒత్తిడి కొలిచే మీటరు చేద్దామని ఆయన ఈ పని చేయలేదు. గాలికి అయస్కాంత గుణం ఉందా అన్నదే ఆయన ప్రశ్న. కానీ నాకు మాత్రం ఇలా కనిపించింది. మొదట గొట్టం పగలగొట్టి తెలుసుకున్నాడు. తర్వాత లోపల నాళిక పెట్టి తెలుసుకున్నాడు. 27 ఏళ్లు గడిచాక లోపల ఏమీ పెట్టకుండా, గాజుకు చిన్న గీత కూడా పడకుండా తెలుసుకున్నాడు.

ఇది అక్కడితో ఆగలేదు. 1940లో అమెరికాలో లైనస్ పౌలింగ్ అనే రసాయన శాస్త్రవేత్త, జలాంతర్గాముల కోసం ఆక్సిజన్ మీటరు తయారుచేశాడు. జలాంతర్గామి అంటే మనుషులున్న మూసిన డబ్బాయే కదా. అయస్కాంతం మధ్య సన్నని దారానికి రెండు చిన్న గాజు బుడ్లు వేలాడుతుంటాయి. చుట్టూ ఉన్న గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి మారితే అవి కాస్త తిరుగుతాయి, దాన్నిబట్టి లెక్క. ఆపరేషన్ థియేటర్లలో వాడే కొన్ని ఆక్సిజన్ మీటర్లు కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. వేరే వాయువులకైతే ఇంకో ఉపాయం. పాత్ర లోపల పలుచని పొర ఒకటి ఉంటుంది, ఒత్తిడికి అది కదులుతుంది, దానికి బిగించిన అయస్కాంతమూ కదులుతుంది. గోడకు ఇవతల ఉన్న ముల్లో, ఎలక్ట్రానిక్ సెన్సారో ఆ కదలికను పట్టుకుంటుంది. గోడకు కంత పెట్టక్కర్లేదు, కారే భయం లేదు. గోడ మాత్రం ఇత్తడిదో, అల్యూమినియందో అయి ఉండాలి. మందపాటి ఇనుప గోడైతే అయస్కాంత బలాన్ని తనలోకే లాగేసుకుంటుంది.

ఫారడేకు పెద్ద లెక్కలు రావు. చూసింది చూసినట్టు నంబర్లు వేసి డైరీలో రాసుకునేవాడు, ఆ నంబర్లు 16,041 దాకా వెళ్లాయి. సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండుసార్లు వద్దన్నాడు. పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మాత్రం 19 ఏడాదులు ఇచ్చాడు. చివరి రోజుల్లో జ్ఞాపకశక్తి బాగా తగ్గిపోయింది. 1858లో రాణి ఇచ్చిన ఇంట్లో, హాంప్టన్ కోర్టు దగ్గర, 1867 ఆగస్టు 25న కుర్చీలో కూర్చునే కన్నుమూశాడు. ఆ లంగరు గొలుసు అయస్కాంతం లండన్‌లో ఆ సంస్థలోనే భద్రంగా ఉంది.

పాడైపోయిన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి నా దగ్గర ఉంది. గాజు గ్లాసు, నోటు పుస్తకం, అల్యూమినియం గిన్నె అడ్డం పెట్టినా అవతల సూది కదిలింది. ఇనప పెనం అడ్డం పెడితే దాదాపు కదల్లేదు. ఆదివారం భోజనాల తర్వాత వరండాలో చూపిస్తాను. గిన్నె ఇవ్వడానికి వంట అక్క ఒప్పుకుంది, పెనం మాత్రం పప్పు తాలింపు అయ్యాకే ఇస్తానంది.

ఇట్లు,
మీ సహ విద్యార్థి,
9వ తరగతి