సావిత్రి చీర రంగు

ఈ విడత గోడపత్రికకి చనిపోయిన ఒక ప్రముఖ వ్యక్తి జీవితం రాయమని మేడమ్ చెప్పారు. కవుల్నీ సంస్కర్తల్నీ మన క్లాసువాళ్ళు ముందే పంచేసుకున్నారు. నాకేం మిగలక కాదు, కావాలనే సావిత్రిని తీసుకున్నాను. సినిమా నటి కథ తెలుగు శాఖ గోడ మీద ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. మా వత్రాప్ వైపు తెలుగు మాట్లాడే ఇళ్ళకి అచ్చు తెలుగు పుస్తకం చేరడం అరుదు. సావిత్రి మాత్రం చేరింది. అది కూడా రెండు దారుల్లో చేరింది. అమ్మ స్నేహితురాళ్ళకి ఆవిడ నడిగైయర్ తిలగం, మా అవ్వకి మహానటి. మా ఇంట్లో రెండు పేర్లూ ఒకే మనిషివని నాకు చిన్నప్పుడే తెలుసు.

అయితే ఆవిడ నటన గురించి నేను రాయను. అది చెప్పగలిగినవాళ్ళు చాలామంది చెప్పేశారు. నాకు ఆసక్తి ఆవిడ చీరల మీద, జాకెట్ల మీద, నగల మీద. పెద్ద పెద్ద ఫ్యాషన్ అనేది మనలాంటి ఊళ్ళ ఆడవాళ్ళ దాకా ఎలా వస్తుంది, ఎవరి ద్వారా వస్తుంది, వచ్చేటప్పుడు ఎవరికి ఎంత ఖర్చవుతుంది అని ఆలోచిస్తే నాకు ఆవిడే గుర్తొస్తుంది.

సావిత్రి 1930ల నడుమ, గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టింది. ఆరు నెలల పిల్లగా ఉన్నప్పుడే నాన్న పోయాడు. పెద్దమ్మ, పెదనాన్న విజయవాడలో పెంచారు. నాట్యం, నాటకాలు అక్కడే. పెదనాన్నే మద్రాసుకి తీసుకెళ్ళి స్టూడియోల చుట్టూ తిరిగాడు. 1950లో వచ్చిన 'సంసారం'లో ముందు పెద్ద వేషమే అనుకున్నారు గానీ, కెమెరా ముందు కంగారు పడడంతో చిన్న వేషానికి దించేశారు. 'పాతాళభైరవి'లో ఒక నాట్యం, 1952లో 'పెళ్ళిచేసిచూడు', 1953లో 'దేవదాసు'. అక్కడి నుంచి ఇక వెనక్కి చూడలేదు.

'దేవదాసు' పార్వతిని బట్టల కోసం ఒకసారి చూడండి. పల్లెటూరి పిల్లగా ఉన్నప్పటి చీర వేరు, ముసలి జమీందారు భార్య అయ్యాక చీర వేరు. ఆ పిల్ల జీవితం ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో ముందు చీరే చెప్పేస్తుంది. తర్వాత 1955లో 'మిస్సమ్మ'. ఆ మేరీ వేషం మొదట భానుమతిది. కొన్ని రీళ్ళు తీశాక నిర్మాతతో తేడా వచ్చి ఆవిడ తప్పుకుంటే, రెండో వేషం వెయ్యాల్సిన సావిత్రికి అది వచ్చింది. సావిత్రి వదిలిన వేషం జమున వేసింది. మేరీ ఉద్యోగం వెతుక్కునే అమ్మాయి, అప్పులున్న ఇంటి పిల్ల. ఒంటి మీద బరువైన నగలు లేకుండా, మామూలు చీరల్లో కూడా అంత అందంగా ఉండొచ్చని ఆ సినిమా చూపించింది. నా లెక్కలో 'మాయాబజార్' శశిరేఖ కిరీటం కంటే మిస్సమ్మ చీరలే పెద్ద ఫ్యాషన్. కిరీటం ఎవరు పెట్టుకుంటారు? చీర ఎవరైనా కట్టుకోవచ్చు.

మా అవ్వకి ఒక అక్క ఉంది, మేం పెద్దవ్వ అంటాం. ఎనభై దాటింది. 'పాసమలర్' 1961లో వస్తే, మా వైపు టూరింగ్ టాకీసుకి వచ్చేసరికి ఇంకా చాలా రోజులు పట్టిందట. అందులో శివాజీ చెల్లెలు సావిత్రి. (అదే కథని మరుసటి ఏడాది తెలుగులో 'రక్తసంబంధం'గా తీస్తే, అక్కడ ఎన్టీఆర్‌కి చెల్లెలూ ఆవిడే. రెండు భాషలకీ ఒకే చెల్లెలు.) పెద్దవ్వ పెళ్ళి కుదిరింది అప్పుడే. టాకీసు దగ్గర చిల్లర పైసలకి పాటల పుస్తకం అమ్మేవాళ్ళు. దాని అట్ట మీద బొమ్మ ఉంటుంది. పెద్దవ్వ ఆ పుస్తకం పట్టుకుని టైలరు దగ్గరికి పోయి, జాకెట్టు చెయ్యి ఈ మాదిరి కుట్టమని చూపించింది. అచ్చు మసకగా ఉంది, చెయ్యి ఎక్కడ ఆగిందో సరిగ్గా కనబడలేదు. మిగతాది టైలరు ఊహించి కుట్టాడు. పెళ్ళికి పట్టుచీర ఒక్కటే. మిగతావన్నీ పక్కనున్న సుందరపాండియం మగ్గాల నూలు చీరలు. ఆ నూలు చీర మీద ఈ జాకెట్టు వేసుకుంటే పెద్దవ్వ లెక్కలో ఆమె సావిత్రే. ఇప్పటికీ అంతే, ఆ మాట మీద నుంచి దిగదు.

ఇందులో నాకు బాగా నచ్చింది రంగుల సంగతి. ఆ సినిమాలన్నీ నలుపు తెలుపు. తెర మీద సావిత్రి కట్టింది ఏ రంగు చీరో చూసినవాళ్ళెవరికీ తెలియదు. పెద్దవ్వ అది అరక్కు రంగు అనుకుంది. ఆమె స్నేహితురాలు ఆకుపచ్చ అనుకుంది. ఇద్దరూ ఎవరికి తోచిన రంగు వాళ్ళు కొనుక్కున్నారు, ఇద్దరివీ సావిత్రి చీరలే. ఇప్పుడు మనకి ఒక హీరోయిన్ చీర నచ్చితే దాని రంగు, కంపెనీ, ధర అన్నీ ఫోన్లో ముందే కనబడతాయి. ధర చూడగానే అది మనది కాదని కూడా తెలిసిపోతుంది. అప్పుడు ధర తెలియదు కాబట్టే అందరికీ అందింది అనిపిస్తుంది నాకు. 2010లో 'మాయాబజార్'కి కంప్యూటర్లో రంగులేసి మళ్ళీ విడుదల చేశారు. బాగానే ఉంది. కానీ పెద్దవ్వ చూసి, చీరలన్నిటికీ రంగులు తప్పు వేశారని తీర్పు చెప్పింది!

ఫ్యాషన్ మన దాకా వచ్చే ఇంకో దారి మన జిల్లాలోనే ఉంది, శివకాశి. అగ్గిపెట్టెల మీద అంటించే కాగితాలతో మొదలైన అచ్చు పని క్యాలెండర్ల దాకా పెరిగింది. దేవుళ్ళ పక్కన సినిమా తారలూ ఆ క్యాలెండర్లలో వెలిశారు. ఏడాది పొడుగునా వంటింటి గోడకి వేలాడే ఫ్యాషన్ పత్రిక అదే. సావిత్రికి ముందు కాలంలో కాంచనమాల బొమ్మల కోసం అలాగే ఎగబడ్డారని చదివాను.

మూడో దారి సబ్బు. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి. 1941లో లీలా చిట్నిస్ లక్స్ ప్రకటనలో కనిపించిన మొదటి భారతీయ నటి. ఆ తర్వాత లక్స్‌లో కనబడడం అంటే పెద్ద తార అయినట్టు. నటి కట్టే పట్టుచీర మనం కొనలేం, సబ్బుబిళ్ళ కొనగలం. సినిమా తార జీవితంలో కిరాణా కొట్టులో దొరికే అతి చవక ముక్క అది. సావిత్రి 1952లోనే జెమినీ గణేశన్‌ని మైసూరు చాముండేశ్వరి గుడిలో పెళ్ళి చేసుకుంది. ఆయనకి అప్పటికే పెళ్ళయింది. అందుకని ఆ సంగతి బయటకి చెప్పలేదు. తర్వాత లక్స్ ప్రకటన కోసం సంతకం పెట్టమంటే సావిత్రి గణేశ్ అని పెట్టింది. అలా లోకానికి తెలిసింది. కోర్టులోనో పత్రికల వాళ్ళ ముందో కాదు, ఒక సబ్బు ప్రకటన కింద! అది పొరపాటున పెట్టిందా, కావాలని పెట్టిందా అని మా ఇంట్లో వాదన అయింది. కావాలనే అని నేనంటాను. అందరూ తన ముఖం చూసే చోట తన పేరు తనే రాసుకుంది.

సంపాదన వచ్చాక ఆవిడ బాగా బతికింది. నగలు, కార్లు, మద్రాసు హబీబుల్లా రోడ్డులో పెద్ద ఇల్లు. 1965 యుద్ధం రోజుల్లో ఒంటి మీది నగలు తీసి ప్రధాని శాస్త్రిగారికి, రక్షణ నిధి కోసం ఇచ్చేసింది. 1968లో 'చిన్నారి పాపలు' సినిమాకి తనే దర్శకత్వం వహించింది, దాన్ని చాలావరకు ఆడవాళ్ళే కలిసి తీశారు. ఈ రెండూ ఆవిడ గురించి మాట్లాడేవాళ్ళు ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేనూ ఇప్పుడు దాటేస్తున్నాననుకోండి. రెండో దాని మీద మన క్లాసులో ఎవరైనా విడిగా రాస్తే బాగుంటుంది.

'మూగమనసులు' కథని తమిళంలో 'ప్రాప్తం' అని సొంతంగా తీసింది. 1971లో వచ్చింది, ఆడలేదు. అప్పులు, ఆదాయపు పన్ను బాకీలు, ఆస్తులు పోవడం, తాగుడు. 1980లో బెంగుళూరులో కోమాలోకి వెళ్ళింది. 1981 డిసెంబరు 26న మద్రాసులో పోయింది. ఇద్దరు పిల్లలు, ఒక కూతురు, ఒక కొడుకు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మంచి రోజుల్లో కూడా సావిత్రి సన్నటి మనిషి కాదు. నిండుగా ఉండేది. మా పెద్దవ్వ జాకెట్టు ఆమెకి సరిపోయినట్టు అనిపించడానికి అదీ ఒక కారణం అనుకుంటాను. తెర మీద మనిషి ఒళ్ళు తన ఒళ్ళులాగే ఉంది. ఫ్యాషన్ అందుబాటు అంటే డబ్బొక్కటే కాదు, కొలత కూడా. మనలో ఎంతమందికి షాపులో బొమ్మకి వేసిన డ్రెస్సు చూసి, ఇది నా సైజులో ఉండదులే అని అడక్కుండానే వెనక్కి వచ్చిన అనుభవం లేదు? అదే సావిత్రి తర్వాత ఇంకాస్త లావైతే, నిండుతనాన్ని మెచ్చుకున్న లోకమే వెక్కిరించింది. వేషాలు తగ్గాయి. చివరికి మంచం మీదున్న ఫోటో ఒకటి మిగిలింది. దాన్ని ఇప్పటికీ తిప్పుతూనే ఉంటారు, కింద ఆడపిల్లలకి ఒక బుద్ధిమాట కూడా రాసి. ముప్పై ఏళ్ళు పని చేసిన మనిషిని ఆ ఒక్క ఫోటోకి కుదించడం నాకు నచ్చదు. ఈ వ్యాసం పక్కన అది ఉండదు.

2018లో నాగ్ అశ్విన్ తీసిన 'మహానటి' మీలో అందరూ చూసే ఉంటారు. కీర్తి సురేశ్‌కి ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. దుస్తులకీ వచ్చింది, ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు ముగ్గురికీ. గౌరంగ్ షా హైదరాబాదు డిజైనరు, జాందానీ నేతకి పేరున్నవాడు. పాత సావిత్రి చీరల్ని చేనేతలో మళ్ళీ తెచ్చారు. చాలా అందంగా ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. నలుపు తెలుపు ఫోటో చూసి రంగు ఊహించడం మా పెద్దవ్వ చేసిన పనే, వాళ్ళు ఇంకా శ్రద్ధగా చేశారు. ఒకటే తేడా. పెద్దవ్వది పక్కూరి మగ్గం మీది నూలు చీర. ఇది డిజైనరు చీర. సావిత్రి కట్టు ఒకప్పుడు పాటల పుస్తకం అట్ట మీద నుంచి టైలరు దగ్గరికి దిగింది, ఇప్పుడు అదే షోరూములోకి ఎక్కింది. ఆ సినిమా వచ్చాక మా వైపు పెళ్ళిళ్ళలో సావిత్రి లుక్ అని అడగడం చూశాను. కంటి చివరిదాకా సాగదీసిన కాటుక, పువ్వులు, మెడ దగ్గరగా ఒక హారం. మేకప్పు చేసేవాళ్ళు దానికి విడిగా ధర చెబుతారు. సుందరపాండియం చీర కట్టుకుంటానంటే మాత్రం, ఫోటోలో తేలిపోతుంది వద్దంటారు.

పక్కన అంటించిన బొమ్మ 'మిస్సమ్మ'లోది, నలుపు తెలుపే. కింద ఒక ఖాళీ కాగితం పెట్టాను. ఆ చీర ఏ రంగై ఉంటుందో మీ పేరుతో రాయండి. మేడమ్‌లు కూడా రాయాలి. మా పెద్దవ్వ జవాబు మొదటి వరుసలో రాసేశాను.