జేమ్స్ విల్సన్: అప్పుల ఖజానాకు తొలి బడ్జెట్

దేశంలో ఏటా జూలై 24వ తేదీ ఆదాయపు పన్ను దినోత్సవంగా పాటింపబడుతున్నది. 1860వ సంవత్సరంలో అదే తేదీన భారతదేశంలో తొలి ఆదాయపు పన్ను ప్రవేశించింది. దానికి కారకుడైన జేమ్స్ విల్సన్ ఈ దేశంలో గడిపినది తొమ్మిది నెలలలోపే.

విల్సన్ 1805 జూన్ 3న స్కాట్లాండులోని హావిక్ పట్టణంలో ఉన్ని వస్త్రాల తయారీదారు ఇంట జన్మించారు. యౌవనంలో టోపీల వ్యాపారంలో రాణించినా, నీలిమందు ధరలను నమ్ముకొని పెట్టుబడి పెట్టి తీవ్రంగా నష్టపోయారు. రుణదాతలకు అప్పగించిన ఆస్తి బాకీకి చాలకపోగా, ఆ లోటును తదుపరి తానే పూరించారు. అప్పు ఎంతటి భారమో ఆయనకు పుస్తకాల వల్ల తెలిసినది కాదు. పాత్రికేయ మిత్రులు గుర్తించదగిన విశేషం మరొకటి ఉన్నది. ధాన్యం దిగుమతులపై సుంకాలను ఎదిరించేందుకు 1843లో ఆయన స్థాపించిన 'ది ఎకనామిస్ట్' వారపత్రిక నేటికీ వెలువడుతున్నది. 1847లో పార్లమెంటు సభ్యులై, 1853 నుండి 1858 వరకు బ్రిటిష్ ఖజానా శాఖలో ఆర్థిక కార్యదర్శిగా పనిచేశారు.

1857 ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామాన్ని అణచివేయుటకైన వ్యయాన్ని బ్రిటన్ తాను భరించలేదు. భారత ఖజానాపైనే మోపింది. ఫలితంగా భారత ప్రభుత్వ రుణం దాదాపు 4 కోట్ల పౌండ్ల మేర పెరిగింది. ఈ చిక్కును తీర్చే బాధ్యతతో వైస్రాయ్ కౌన్సిల్‌లో ఆర్థిక సభ్యునిగా నియమితులైన విల్సన్ 1859 నవంబరు మాసాంతంలో కలకత్తా చేరుకొన్నారు.

1860 ఫిబ్రవరి 18న ఆయన సమర్పించిన బడ్జెటులో పన్నుల తగ్గింపు, పన్నుల విధింపు రెండూ ఉండడం గమనార్హం. ఉన్ని, తోళ్లు, జనపనార, తేయాకులపై ఎగుమతి సుంకాలు రద్దయ్యాయి. 20 శాతం ఉన్న దిగుమతి సుంకాలు 10 శాతానికి తగ్గాయి. వర్తకం పెరిగితే రాబడి దానంతటదే పెరుగునని ఆయన విశ్వాసం. అయితే వడ్డీ చెల్లింపు అంతవరకు ఆగదు గదా! అందువల్ల ఏటా 200 నుండి 500 రూపాయల ఆదాయంపై 2 శాతం, అంతకు మించిన ఆదాయంపై 4 శాతం పన్నును ఐదేళ్ల కాలానికి విధించారు. ఈ 4 శాతంలో ఒక వంతు ప్రజాపనులకు ఉద్దేశింపబడినది. పన్ను ఈ దేశ సంప్రదాయానికి విరుద్ధం కాదని చూపుటకు ఆయన మనుస్మృతిని సైతం ఉదహరించారు.

శాశ్వత శిస్తు ఒప్పందం ఉన్నందున తమపై కొత్త పన్ను చెల్లదని జమీందారులు వాదించగా, విల్సన్ అంగీకరించలేదు. అంతకన్న గట్టి ప్రతిఘటన నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు అంతర్భాగమైన మద్రాసు రాజధాని నుండి వచ్చింది. మద్రాసు గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెల్యాన్ లండన్ ఖజానా శాఖలో విల్సన్‌కు పూర్వ సహోద్యోగి. కొత్త పన్నులు ప్రజలలో అశాంతి రేపుననీ, సైనిక వ్యయాన్ని తగ్గిస్తే వాటి అవసరమే ఉండదనీ ఆయన వాదం. ఆ వాదంలో బలం లేకపోలేదు. సంగ్రామానంతరం పెరిగిన సైన్యమే లోటుకు ప్రధాన కారణం. కాని గవర్నరు తన అసమ్మతి పత్రాన్ని పత్రికలకెక్కించుటను ప్రభుత్వం సహించలేదు. 1860లోనే ఆయనను వెనుకకు పిలిపించారు.

పన్ను అమలులోకి వచ్చిన 18 రోజులకు, ఆగస్టు 11న, జిగట విరేచనాల వ్యాధితో విల్సన్ కలకత్తాలో కన్నుమూశారు. ఆయన ప్రతిపాదించిన ప్రభుత్వ కాగితపు కరెన్సీ కొన్ని మార్పులతో 1861లో చట్టమైంది. 1863లో ఆర్థిక సభ్యునిగా భారతదేశానికి తిరిగివచ్చినది మరెవరో కాదు, ట్రెవెల్యానే. ఆయన హయాంలోనే, 1865లో, గడువు తీరిన ఆదాయపు పన్ను కొనసాగింపునకు నోచుకోలేదు. పలు మార్పుల అనంతరం 1886లో వచ్చిన చట్టం ఆదాయపు పన్నును స్థిరపరచింది. విల్సన్ పన్ను పరిధిలో ఉంచిన భూముల ఆదాయానికి మాత్రం ఆ చట్టం మినహాయింపునిచ్చింది. వ్యవసాయ ఆదాయంపై కేంద్రం నేటికీ ఆదాయపు పన్ను విధించడం లేదు.