సత్యం మాస్టారు

వెంపటాపు సత్యనారాయణని మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ సత్యం మాస్టారు అనే అంటారు. తుపాకీ పట్టిన మనిషి మాస్టారు ఏంటి అనుకునేవాణ్ణి. నిజంగానే బడిపంతులు, పార్వతీపురం ఏజెన్సీలో. అప్పులిచ్చి భూములు లాక్కునే షావుకార్లకి ఎదురుగా గిరిజన సంఘం కట్టినవాళ్లలో ఆయన ఒకరు. కూలి పెంచండి, పోయిన పొలం ఇచ్చేయండి. సంఘం అడిగింది ఇలాంటివే.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసు పెట్టారు, విచారణ జరిగింది, కోర్టు నిందితుల్ని వదిలేసింది. మాస్టారి కథ ఈ తీర్పు దగ్గరే మలుపు తిరిగిందని నాకనిపిస్తుంది. 1968 నవంబరుకల్లా సాయుధ పోరాటం మొదలైంది. అందులో షావుకార్లూ చనిపోయారు, ఆ హత్యల్ని నేను సమర్థించలేను.

1970 జులై 10న ఆయనా, ఆదిభట్ల కైలాసమూ కొండల్లో చనిపోయారు. ఎన్‌కౌంటర్ అన్నారు పోలీసులు. పట్టుకుని కాల్చేశారన్నారు ఆయన వైపువాళ్లు.