తకామినే గారి మందు మా హాస్టల్‌కి ఎప్పుడొస్తుంది?

పోయిన సెమ్‌లో ఒక రాత్రి మా రూమ్మేట్ అన్నం తింటూ తింటూ ఆగిపోయాడు. వాడికి రొయ్యలు పడవు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. కానీ భీమవరం నుంచి వచ్చిన రొయ్యల పచ్చడిలో పెట్టిన స్పూనే ఎవరో ఆవకాయ సీసాలో కూడా పెట్టేశారు. వాడు తిన్నది ఆవకాయే. ఐదు నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాచిపోయాయి, ఊపిరి ఆడట్లేదు. క్యాంపస్ డిస్పెన్సరీకి తాళం. వార్డెన్ సార్ తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ తొడకి ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికి వాడు మళ్ళీ మామూలుగా ఊపిరి తీసుకున్నాడు. ఏం మందని నర్స్ గారిని అడిగితే అడ్రినలిన్ అన్నారు.

దీన్ని ఎవరు తయారుచేశారా అని ఆ రాత్రే వెతికాను. జోకిచి తకామినే అనే పేరు దొరికింది. ఆయన కూడా మనలాగే ఇంజినీరింగ్ కాలేజీ స్టూడెంటే!

తకామినే 1854లో జపాన్‌లోని తకావోకాలో పుట్టారు. నాన్న వైద్యుడు. అమ్మ వాళ్ళది బియ్యంతో సాకే అనే మద్యం తయారుచేసే కుటుంబం. ఈ రెండూ చివరిదాకా ఆయన్ని వదల్లేదు. 1879లో టోక్యో ఇంజినీరింగ్ కాలేజీలో డిగ్రీ తీసుకుని, తర్వాత గ్లాస్గో వెళ్ళి చదువుకున్నారు. 1884లో ప్రభుత్వం తరఫున అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు కరోలిన్ హిచ్ పరిచయమైంది. 1887లో పెళ్ళి చేసుకున్నారు.

1890లో అమెరికాకి మకాం మార్చారు. సాకే తయారీలో వాడే కోజి అనే బూజుతో విస్కీ చేద్దామని ఆయన ఐడియా. పియోరియా అనే ఊళ్ళో పని మొదలైంది. అక్కడి మాల్ట్ వ్యాపారులకి అది నచ్చలేదు. ఒక రోజు ప్లాంట్ కాలిపోయింది. ఆరోగ్యం కూడా దెబ్బతింది. నేనైతే బ్యాగ్ సర్దుకుని ఇంటికెళ్ళిపోయేవాణ్ణి. ఆయన మాత్రం అదే బూజు నుంచి అరుగుదలకి పనికొచ్చే టాకా డయాస్టేజ్ తీశారు. దాన్ని పార్క్ డేవిస్ కంపెనీ అమ్మింది. బాగా అమ్ముడుపోయింది.

ఆ కంపెనీ కోసమే అడ్రినల్ గ్రంథుల పని మొదలుపెట్టారు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే ఈ గ్రంథుల రసం రక్తపోటు పెంచుతుందని అప్పటికే తెలుసు. దాన్ని శుద్ధంగా వేరుచేయడమే ఎవరికీ కుదరట్లేదు. జాన్ ఏబెల్ లాంటి పెద్ద శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ప్రయత్నిస్తున్నారు. 1900లో కీజో ఉయెనాకా అనే యువకుడు తకామినే ల్యాబ్‌లో చేరాడు. ఆ వేసవిలోనే వాళ్ళకి స్ఫటికాలు దొరికాయి. 1901లో తకామినే ఆ సంగతి ప్రకటించారు. శుద్ధంగా వేరుచేసిన మొదటి హార్మోన్ ఇదేనంటారు. అసలు హార్మోన్ అనే మాట పుట్టిందే 1905లో! పేటెంట్ మీద మాత్రం తకామినే పేరొక్కటే ఉంది. ఉయెనాకా పేరు లేదు. ఇది నాకు నచ్చలేదు. మన మినీ ప్రాజెక్టుల్లో కూడా ఇలాంటివి చూస్తూనే ఉంటాం కదా.

ఇంకో విచిత్రం చూడండి. మా రూమ్మేట్‌కి వచ్చినలాంటి తీవ్రమైన రియాక్షన్‌కి షార్ల్ రిషే, పోల్ పోర్తియే అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టింది 1902లో. అంటే జబ్బుకి పేరు రాకముందే మందు వచ్చేసింది.

తకామినే డబ్బుతో పాటు మంచి పేరు కూడా సంపాదించారు. 1912లో టోక్యో నుంచి వాషింగ్టన్‌కి 3,020 చెర్రీ మొక్కలు వెళ్ళడం వెనక ఆయన సాయం ఉంది. 1922లో న్యూయార్క్‌లో చనిపోయారు.

ఆయన పోయి వందేళ్ళు దాటింది. అడ్రినలిన్ ఇప్పుడు మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది. 1 మిల్లీగ్రాము ఉండే చిన్న ఆంప్యూల్ అది, ఖరీదూ తక్కువే. వాచిన గొంతుని తగ్గిస్తుంది, శ్వాసనాళాల్ని తెరుస్తుంది, పడిపోతున్న బీపీని నిలబెడుతుంది. అలర్జీ మాత్ర ఆ పని అంత వేగంగా చేయలేదు. పియోరియాలో అంతా కాలిపోయినా ఆయన ఆగలేదు కాబట్టి ఆ మందు ఉంది. ఇక్కడ మనకి కావాల్సింది తాళం తీయడానికి ఒక మనిషి, ఇంజెక్షన్ ఇవ్వడం నేర్చుకున్న ఒక స్టాఫ్ నర్స్, అది కూడా రాత్రిపూట.

ఇదే రాసి, మేం నలభై మంది సంతకాలు పెట్టి, ప్రిన్సిపాల్ గారికి లెటర్ ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు. మా రూమ్‌లో మాత్రం ఇప్పుడు ఏ పచ్చడి సీసా స్పూన్ దానిదే.